కోచ్ దగ్గరికా, కౌన్సెలర్ దగ్గరికా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోచింగ్ అనగానే తెల్లవారకముందే గ్రౌండ్‌లో పరుగు తీసే ఆర్మీ కోచింగ్ కుర్రాళ్లు గుర్తొస్తారు. కౌన్సెలింగ్ అంటే ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్, అదీ కాకపోతే గొడవ పడ్డ మొగుడూపెళ్లాలని పోలీస్‌స్టేషన్లో కూర్చోబెట్టి ఎస్సై గారు చెప్పే నాలుగు మాటలు. అందుకే ఎవరికైనా "ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లు" అని చెబితే "నేనేం తప్పు చేశాను?" అంటారు. జీవితంలో అనుకున్నచోటికి చేరడానికి దారి చూపిస్తామనే లైఫ్ కోచ్ దగ్గరికి వెళ్లడానికి మాత్రం అంత మొహమాటం ఉండదు, ఎందుకంటే ఆ మాటలో జబ్బు వాసన లేదు. నిద్ర పట్టని రాత్రి ఫోన్‌లో "హోలిస్టిక్ లైఫ్ కోచింగ్" అని వీడియో కనబడుతుంది, మీ ఒళ్లు, మనసు, ఉద్యోగం, డబ్బు, సంసారం అన్నీ కలిపి సరిచేస్తామంటుంది, ఫీజు కట్టేస్తారు. మా భయమంతా అక్కడే.

కోచింగ్ వల్ల మేలు జరగదని మేము అనడం లేదు. డిగ్రీ అయ్యాక ఏ దారి పట్టాలో తేలనివాళ్లకి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఏదైనా పని మొదలుపెట్టాలనుకునే గృహిణికి మంచి కోచ్ నిజంగా పనికొస్తారు. మీరు ఎక్కడికి చేరాలనుకుంటున్నారో అడిగి, దాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, తిండి, నిద్ర, ఖర్చులు కూడా చూసి, వారం వారం గుర్తుచేస్తూ నడిపిస్తారు. ఇదంతా మనిషి కాళ్ల మీద నిలబడి ఉన్నప్పటి సంగతి. లేవలేకపోతున్న మనిషి దగ్గర టార్గెట్లు పెడితే, అవి కూడా చేయలేకపోయానన్న బాధ ఇంకోటి మీద పడుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు తెలియని వీధి లేదు. వారానికి రెండు మూడు రోజులు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద మొగుడు, పక్కన స్టూలు మీద పెళ్లాం, ఒళ్లో టిఫిన్ క్యారేజీ, మందుల చీటీలు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు. ఆ ఇంట్లో ఇంతకుముందే ఒకరు ఇదే జబ్బుతో పోయి ఉండొచ్చు. ఆమెకి రాత్రి నిద్ర లేదు, ఆకలి లేదు, దేనిమీదా ధ్యాస లేదు, ఎవరైనా పలకరిస్తే ఏడుపొస్తుంది. ఆమెకి పాజిటివ్‌గా ఆలోచించమని ఎవరు చెప్పగలరు, ఏ మొహంతో చెప్పగలరు? ఆమెకి కావలసింది ఆ భయాన్ని, దుఃఖాన్ని తొందరపెట్టకుండా వినే మనిషి, అందులో డిప్రెషన్ ఉంటే గుర్తుపట్టి మానసిక వైద్యుడి దగ్గరికి పంపగల మనిషి. కౌన్సెలింగ్ అంటే అది. మందులు అవసరమైతే రాయాల్సింది సైకియాట్రిస్టే, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు గారే.

చట్టం వైపు నుంచి చూసినా తేడా ఉంది. మాటలతో, పరీక్షలతో మానసిక సమస్యలకి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, కౌన్సెలర్లని కూడా ఒక పద్ధతిలోకి తేవడానికి 2021లో చట్టం వచ్చింది. లైఫ్ కోచ్‌కి మన దేశంలో లైసెన్స్ అంటూ లేదు, రేపు పొద్దున్న ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో అమెరికాలో మొదలైన ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) లాంటి కోచ్‌ల సంఘాలు సర్టిఫికెట్లు ఇస్తాయి, మానసిక సమస్య కనబడితే వైద్యం వైపు పంపమని తమ కోచ్‌లకి చెబుతాయి కూడా. కాబట్టి ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: మీరు ఏం చదివారు? మీ చేతిలో లేని సమస్య వస్తే నన్ను ఎవరి దగ్గరికి పంపుతారు? రెండోదానికి తడుముకుంటే లేచి వచ్చేయండి. మందులు మానేయమన్నవాళ్ల దగ్గర అయితే ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

రెండు వారాలకి పైగా దిగులు వదలకపోయినా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోయినా, చచ్చిపోవాలనిపించినా కోచ్ కోసం వెతకొద్దు. చచ్చిపోవాలనిపిస్తే వెంటనే 14416కి ఫోన్ చేయండి, పక్కనున్నవాళ్లకి చెప్పండి. ఇది 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. 2015-16 జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలున్న ప్రతి 100 మందిలో 85 మందికి వైద్యమే అందలేదు. "పిచ్చా నాకు?" అన్న ఒక్క మాట ఎంతమందిని గుమ్మం దాటనివ్వకుండా ఆపుతోందో మన ఇళ్లల్లోనే చూస్తున్నాం.

కాలేజీల సంగతి కూడా చెప్పాలి. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో స్పష్టంగా చెప్పింది: 100 మంది, అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. ఏడాదికోసారి మోటివేషన్ స్పీకర్‌ని పిలిచి చప్పట్లు కొట్టించడం దీనికి లెక్కలోకి రాదు. మన రెండు జిల్లాల్లో ఎన్ని కాలేజీలు, ఎన్ని హాస్టళ్లు దీన్ని పాటిస్తున్నాయో కలెక్టర్లు పేరుపేరునా జాబితా బయటపెట్టాలి. ఉద్దానం డయాలసిస్ కేంద్రాల్లో వారానికి కనీసం రెండు రోజులు కౌన్సెలర్ కూర్చోవాలి, రోగికే కాకుండా పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమెకి కూడా సమయం ఇవ్వాలి.