కిట్టుల పుల్లీలు మార్చాల్సిందే
చిన్న చెక్క ఓడ మోడల్ చేసే కిట్టుల వచ్చిన పార్టులు ఉన్నదున్నట్టు పెడితే చాలు, మార్చుడు టైం వేస్ట్ అని కొందరు రాసిన్రు గానీ నేనైతే ఒప్పుకోను. ఓడ బాడీకి చెక్క పట్టీలు ఎంత నున్నగ అతికించినా చూసేటోళ్ల కన్ను పోయేది తాళ్లు, పుల్లీల మీదికే, కిట్టుల ఇచ్చేటియి చానాసార్లు మొద్దుగ, చదరంగ ఉంటయి, అసలు ఓడల 12 అంగుళాల పుల్లీ అంటే 1:64 స్కేల్‌ల (అసలు సైజుల 64వ వంతు) 5 మిల్లీమీటర్లు గూడ రాదు. హన్మకొండల మా ఇంట్ల నేను వాటి మూలలు సాండ్‌పేపర్‌తోని గుండ్రంగ అరగదీస్త, దారానికి తేనెమైనం రాస్త, నూగు అణుగుతది. స్తంభాలను పట్టి ఉంచే తాళ్లకు అప్పట్ల తారు పూసేటోళ్లు కాబట్టి అవి నల్లగ, తెరచాపలు లాగేటియి లేత రంగుల ఉండాలె, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. నిర్మల్ బొమ్మల పొణికి కర్రతోని పుల్లీలు చెయ్యొచ్చు కదా అంటరు కొందరు, బొమ్మలకు అది బంగారమే, కానీ మెత్తటి కర్ర, అంత చిన్నదానికి రంధ్రం ఏస్తే అంచులు చితుకుతయి, గట్టి కర్రే కావాలె.