చవక పిస్తోలు గారి సముఖమునకు

మహారాజశ్రీ రెండొందల డాలర్ల 9 ఎం.ఎం. పిస్తోలు గారికి,

ఉభయకుశలోపరి. నా కుశలం ఇకమీదట తమరి చేతుల్లోనే ఉందని తమరిని అమ్మిన కౌంటర్ మనిషి హామీ ఇచ్చాడు. తమరి కుశలం మాత్రం తమరు తినే తూటా మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి అతను చెప్పలేదు. అది కాల్పుల సాధన చేసే రేంజ్‌కి అద్దె కట్టి మరీ తెలుసుకోవాల్సి వచ్చింది.

టెక్సాస్‌లో తమరిని ఇంటికి తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. 4473 అనే ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా గోడకున్న జింక తలల్ని చూస్తూ నిలబడితే చాలు. హెచ్-1బీ మీద ఉన్న మన కుర్రాళ్లకు మామూలుగా తుపాకీ కొనే వీల్లేదు. అయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదని ఫెడరల్ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. అలా బొద్దింకను చూస్తే సోఫా ఎక్కే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కొందరు కాగితం మీద వేటగాళ్లయ్యారు. అది వాళ్ల గొడవ, వదిలేద్దాం.

తమరి భోజనం సంగతికి వస్తాను. గుండ్రటి ముక్కున్న రాగి తొడుగు తూటా, అంటే ఫుల్ మెటల్ జాకెట్, పెడితే తమరు కిక్కురుమనకుండా తింటారు. డబ్బాకు యాభై, ఒక్కోటి పాతిక సెంట్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. తినడానికి కారణం తమరి మంచితనం కాదు, దాని ఆకారం. లూగర్ అనే ఆయన 1902లో తయారు చేసిన ఈ 9 ఎం.ఎం. తూటాకు ఎంతోకాలంగా నున్నటి ముక్కే అలవాటు. తూటాలు పేర్చే డబ్బా, అంటే మ్యాగజైన్‌లోంచి పైకి లేచిన తూటా, గొట్టం ముందుండే చిన్న ఏటవాలు మెట్టు మీదుగా జారి లోపలికి వెళ్లాలి. నున్నటి ముక్కయితే అది జారిపోతుంది.

కానీ రేంజ్‌లో కాగితం మీద కాల్చడానికి కాదు కదా తమరిని కొన్నది! ఆత్మరక్షణకు వాడాల్సింది ముక్కు దగ్గర గుంట ఉన్న హాలో పాయింట్ అని రేంజ్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. అది ఒంట్లోకి దిగాక విచ్చుకుంటుంది, అవతలి వైపుకు దూసుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. ఈ విచ్చుకునే తూటాల కథలో మన దేశం వాటా కూడా ఉంది. 1890ల్లో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ వాళ్లు ఇలాంటివి చేయించారు. 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని, యుద్ధంలో ఇవి వాడకూడదని ప్రకటించాయి. సైనికుడికి కూడదన్న తూటా డాలస్ శివార్లలో సంసారి పక్కబల్ల సొరుగులోకి తెల్లబట్టలు మడతపెట్టుకునేంత సహజంగా చేరింది. న్యూజెర్సీలో మాత్రం మామూలు జనం దాన్ని ఇంట్లోనూ రేంజ్‌లోనూ ఉంచుకోవచ్చు గానీ, వెంటేసుకుని తిరిగితే కేసు. అక్కడి ఎడిసన్‌లో ఉన్న మా బావగారు ఈ విషయంలో నాకంటే ప్రశాంతంగా ఉన్నారు.

సరే, ఆ హాలో పాయింట్ పెట్టాను. తమరు ఏం చేశారు? మొదటిది మింగారు. రెండోదాన్ని మెట్టు దగ్గర పట్టుకుని ఆపేశారు. గొట్టం మీద ముందుకూ వెనక్కీ జారే స్లయిడ్ సగం మూసుకుని నిలబడింది. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ లాగి, బయటపడ్డ తూటాను వెలుతురులో పెట్టి చూస్తే, గుంట అంచు ఒకవైపు లోపలికి నొక్కుకుపోయి, దాని పక్కన వెంట్రుకంత గీత. ఆ తర్వాత ఇంకో విద్య ప్రదర్శించారు. పేలిన ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోకుండా స్లయిడ్‌లో ఇరుక్కుని, పొగగొట్టంలా నిటారుగా నిలబడింది. ఆ ఇత్తడి ముక్క మెరుపు చూస్తుంటే, అర్ధరాత్రి తలుపు పగలగొట్టి వచ్చినవాడు "తీసుకోండి సార్, నేను ఆగుతాను" అంటాడేమో అనిపించింది.

పక్క లేన్ పెద్దాయన వెంటనే తప్పు నా మీద వేశాడు. మణికట్టు వదులుగా పట్టానట. గట్టిగా పట్టకపోతే తుపాకీ మొత్తం వెనక్కి కదిలి, స్లయిడ్‌కు పూర్తిగా వెనక్కి వెళ్లే ఊపు చాలదట. నిజమే, అలా జరుగుతుంది. నేను గట్టిగా పట్టుకున్నాను. తమరు ఇంకా గట్టిగా పట్టుబట్టారు. అప్పుడు ఆయన, "కొత్త గన్ కదా, ఒక రెండొందల రౌండ్లు పోతే సర్దుకుంటుంది" అన్నాడు. ఆత్మరక్షణకు నమ్ముకోవాలంటే, సొరుగులో ఏ తూటా పెడతామో అదే తూటా కనీసం రెండొందలు ఎక్కడా ఆగకుండా పేల్చి చూడాలన్నది ఇక్కడివాళ్లు చాలామంది పాటించే లెక్క.

ఇక్కడే తమరి చవక బయటపడింది. హాలో పాయింట్ డబ్బాకు వచ్చేవి ఇరవై, ధర ఇరవై డాలర్లకు పైనే. రెండొందలంటే పది డబ్బాలు. అంటే తమరిని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి తమరి ఖరీదంతా మళ్లీ కట్టాలి. అదీ ఒక్క రకానికి. అది నచ్చకపోతే ఇంకో కంపెనీ, ఇంకో బరువు. చారాణా కోడికి బారాణా మసాలా. ఈ లెక్కను తమరి పెట్టె మీద ఎక్కడా ముద్రించలేదు.

తూటా బరువుల సంగతి మరీ వింత. 115 గ్రెయిన్, 124, 147. గ్రాముల్లో చెప్పుకుంటే ఏడున్నర, ఎనిమిది, తొమ్మిదిన్నర. రెండు గ్రాముల తేడాకు తమరి మూడ్ మారిపోతుంది. ఒక్కో పిస్తోలుకు ఒక్కోటి నచ్చుతుంది, ఏది నచ్చుతుందో పేల్చి చూస్తే తప్ప తెలీదు. డబ్బాల మీది రాతలు చదివితే మాత్రం అన్నీ అమృతమే. 'డిఫెన్స్', 'డ్యూటీ', 'ఎలీట్' అన్న పేర్లతో షెల్ఫ్ నిండా నల్ల డబ్బాలు. కొన్నిటి మీద '+పి' అని ఉంటుంది. మామూలు 9 ఎం.ఎం.కు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు అయితే, వాటికి 38,500. తమరికి అది పడుతుందో లేదో తమరి మాన్యువల్ చెప్పాలి, కౌంటర్ మనిషి కాదు. ఎవరో గ్యారేజీలో మళ్లీ నింపి తక్కువకు ఇస్తామనే తూటాల దగ్గరికి మాత్రం నేను పోను. అందులో తుపాకీ మందు తక్కువ పడితే 'టప్' అని నీరసంగా మోగి, తూటా గొట్టంలోనే ఉండిపోతుంది. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం పగిలి వేళ్లు పోతాయి. అలాంటి చప్పుడు వినిపిస్తే ఆపి, తూటాలన్నీ తీసేసి గొట్టం చూసుకోవాలి.

ఇంతకీ ఈ పరీక్షలన్నీ ఎందుకని తమరు అడగొచ్చు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలకు, ఎఫ్‌బీఐ ఏజెంట్లకు మధ్య కాల్పులు జరిగాయి. ఒక దొంగకు తగిలిన 9 ఎం.ఎం. హాలో పాయింట్ గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అప్పటినుంచి ఎఫ్‌బీఐ, మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలోకి తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలని కొలత పెట్టుకుంది. దళసరి బట్టలు అడ్డం పెట్టి కూడా చూస్తారు, ఎందుకంటే బట్ట పీలికలు గుంటలో కూరుకుపోతే అది విచ్చుకోదు. అందుకే కొన్ని కంపెనీలు ఆ గుంటను మెత్తటి ప్లాస్టిక్ బిరడాతో ముందే పూడ్చి అమ్ముతున్నాయి. అయ్యా, ఇంత శాస్త్రం మొత్తం తమరి గొట్టంలోంచి తూటా బయటికి వచ్చాక సంగతి. తమరి దగ్గర అసలు లోపలికి వెళ్తే కదా!

పోనీ తమరికి ఇష్టమైన గుండ్రటి ముక్కు తూటానే సొరుగులో పెడదామా? ఆగకుండా పేలే మామూలు తూటా, పేలని ఖరీదైన తూటా కంటే మేలే. కానీ మేముండేది అపార్ట్‌మెంట్. గదికీ గదికీ మధ్య ఉండేది ఇటుక గోడ కాదు, అరంగుళం జిప్సం బోర్డు ఇటొకటి అటొకటి. హాలో పాయింటే దాన్ని దాటుతుంది, ఇదైతే ఇంకా అవతలి దాకా పోతుంది. అవతల పడుకునేది గుజరాతీ దంపతుల పసిపాప. కాబట్టి తమరి రుచులకు నేను తలవంచలేను.

తమరి పుట్టుక మీద నాకు చులకన లేదు. తమరి స్లయిడ్ జింక్ మిశ్రమ లోహం పోత. పేలేటప్పుడు గొట్టాన్నీ స్లయిడ్‌నూ కలిపి బిగించే ఏర్పాటు లేకుండా స్లయిడ్ బరువుతోనే పేలుడును ఆపుకునే పద్ధతి కాబట్టి, ఖాళీ కడుపుతోనే ముప్పావు కిలోకు పైన తూగుతారు. చవగ్గా చేయడానికి అదొక నిజాయితీ గల దారి, కాదనను. తమరి జాతిలో ఏది పెట్టినా తినేవాళ్లు ఉన్నారు కూడా. నా వాటాకు మాత్రం తమరు వచ్చారు.

అందుకని షరతులు రాస్తున్నాను. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. ముందు మ్యాగజైన్ మారుస్తాను, ఎందుకంటే దాని పెదవులు కాస్త వంగినా తూటా తలదించుకునే లేస్తుంది. మెట్టు శుభ్రం చేసి నూనె చుక్క వేస్తాను. ఈసారి గుంటలో ఎర్ర బిరడా ఉన్న తూటాలు పెడతాను. రోజూ తీసి పెడుతూ ఒకే తూటాను గొట్టంలోకి తోయడం మానేశాను, అలా చేస్తే ముక్కు తొడుగులోకి దిగి పీడనం పెరుగుతుందట. నా వైపు నుంచి ఇంతకన్నా సేవ కుదరదు. రెండొందలూ ఆగకుండా పోతే తమరికి సొరుగులో తాళం వేసిన పెట్టె, అందులో గౌరవం. మళ్లీ పొగగొట్టం లేపారో, దారిలోనే పాత సామాన్లు కొనే తాకట్టు షాపు ఉంది. వాళ్లు ఎనభై డాలర్లు ఇచ్చినా బేరమాడను.

ఇట్లు,
మ్యాగజైన్‌లో తూటాలు నొక్కీ నొక్కీ బొటనవేలు వాచిన
తమరి యజమాని