చుక్క చెరిగితే 891 ఏళ్లు

హైదరాబాద్ పుట్టుక అనగానే భాగమతి కథ మొదలవుతుంది. ఆ కథకు రుజువేదని గట్టిగా నిలదీసిన ఆచార్యుడు హారూన్ ఖాన్ షేర్వాణీ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి శాఖకు అధిపతిగా పనిచేశారు. నగరం కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాపై ఆయన గ్రంథం 1967లో వచ్చింది. 1969లో పద్మభూషణ్ అందుకున్నారు, 1980లో కన్నుమూశారు. అక్బర్ దూత ఫైజీ, చరిత్రకారుడు ఫెరిష్తా భాగమతిని ప్రస్తావించిన మాట నిజమే. ఆమె పేరున నాణెం గానీ శాసనం గానీ లేదన్నది షేర్వాణీ అభ్యంతరం. ఆయన తీర్పుతో విభేదించిన వారూ ఉన్నారు. తీర్పు ఏదైనా, దానికి ముందు ఆయన పట్టిన పనే, అంటే ఆధారాలను వెతికి సరిచూడడమే, నగర చరిత్రకారుడి అసలు వృత్తి అని మేము నమ్ముతున్నాం.

ఆ పని ఎంత సూక్ష్మమో చార్మినార్ దగ్గరే చూడవచ్చు. దాని నిర్మాణ సంవత్సరాన్ని ‘యా హాఫిజ్’ అనే మాటలో దాచారని చెబుతారు. అరబ్బీ లిపిలో ఒక్కో అక్షరానికి ఒక విలువ: యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000, అంటే ముస్లిం చాంద్రమాన శకమైన హిజ్రీలో 1000. చివరి అక్షరం మీద చుక్క చెరిగిపోతే అది తోయ్ అవుతుంది. దాని విలువ 9 మాత్రమే. మొత్తం 109కి పడిపోతుంది! గొలుసుకట్టు రాత అయిన షికస్తాలో లేఖకులు చుక్కలు తరచూ వదిలేస్తారు. కాబట్టి చదివేవాడికి లిపితోపాటు ఫార్సీ భాషా రావాలి.

తేదీ దొరికాకా చిక్కు తీరదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే ఉజ్జాయింపుగా క్రీస్తు శకం వస్తుంది. 1000కి 1592 వస్తుంది, మనం రాసేది 1591. హిజ్రీ 1000 మొదలైంది 1591 అక్టోబరులో, ముగిసింది 1592 అక్టోబరులో. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కనుక సూత్రం ఒక ఏడాది అటూఇటూ అవుతుంది. నెల తెలియనప్పుడు 1591-92 అని రాయడమే నిజాయతీ. ఇక నగరం బిరుదు ‘ఫర్ఖుందా బునియాద్’ (శుభమైన పునాది) అక్షరాలు కూడితే 1006 వస్తుంది. ఆ ఆరేళ్ల తేడా పునాదికీ పూర్తికీ మధ్యదా, మరొకటా? తేల్చాలంటే నాణేలు, ఫర్మానాలు (రాజాజ్ఞలు), ప్రయాణికుల రాతలు పక్కపక్కన పెట్టుకోవాలి.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఫార్సీ కాగితాలు కట్టలుగా ఉన్నాయి. ఫార్సీ రాకుండానే దక్కన్ చరిత్రలో పట్టా పొందే వీలుంటే ఆ కట్టలు విప్పేదెవరు? చరిత్ర ఎం.ఏ.లో రెండు సెమిస్టర్లు ఇందుకు కేటాయించాలి. మొదటిదానిలో అచ్చు ఫార్సీ, రెండోదానిలో చేతిరాత. రెండో సెమిస్టరు తరగతులు కళాశాలలో కాదు, ఆర్కైవ్స్‌లోనే, అసలు ఫర్మానాల నకళ్లు ముందు పెట్టుకుని జరగాలి. పరీక్ష కూడా వ్యాసం కాకూడదు. చూడని ఒక పత్రం ఇచ్చి, చదివి, తేదీ కట్టమనాలి. నగర చరిత్ర బోధించే అధ్యాపకుల నియామకాల్లోనూ ఇదే పరీక్ష పెట్టాలని కోరుతున్నాం.