కథలు రాస్తే కార్బన్ తగ్గుతుందా అనేవాళ్లకి

"కథలు, కవితలు రాస్తే వాతావరణం బాగుపడిపోతుందా, ఆ పని సైంటిస్టులకీ ప్రభుత్వాలకీ వదిలెయ్యండి" అని ఒక పోస్ట్ తెగ తిరుగుతోంది, మూడు పాయింట్లు చెప్పారు, మూడింటికీ జవాబు చెప్పాలనిపించింది.

మొదటిది, జనానికి కావాల్సింది ఫ్యాక్ట్స్, కథలు కాదు అట. ఫ్యాక్ట్స్ లేకనా మనం ఇక్కడిదాకా వచ్చింది? గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ సైంటిస్టు అర్హీనియస్ 1896లోనే లెక్కకట్టాడు. 1958లో హవాయిలో మౌనా లోవా కొండ మీద అమెరికా సైంటిస్టు కీలింగ్ ఆ కార్బన్ డయాక్సైడ్‌ని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 దాకా ఉన్నది ఇప్పుడు 420 దాటిపోయింది, అంటే మనం కొలుస్తూనే ఉన్నాం అది పెరుగుతూనే ఉంది. భూమి వేడి 1.5 డిగ్రీలు మించి పెరగకూడదు అని చెప్తే మామూలు మనిషికి ఏం తెలుస్తుంది చెప్పండి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది కదా అనుకుంటాడు! నాయనమ్మ ఈత కొట్టిన చెరువులో మనవరాలు క్రికెట్ ఆడుతోందని ఒక కథ చెప్తే అదే మనిషికి యాభై ఏళ్ల మార్పు పది పేజీల్లో కళ్లకి కడుతుంది.

అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ స్వయానా సైంటిస్టు. 1962లో పురుగుమందుల మీద 'సైలెంట్ స్ప్రింగ్' రాసినప్పుడు లెక్కలతో మొదలుపెట్టలేదు, పక్షుల కూతే వినపడని ఒక ఊరిని ఊహించి కథలా మొదలుపెట్టింది, సైన్సంతా ఆ తర్వాతే. 1972లో అమెరికా డీడీటీ అనే పురుగుమందు వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. ఆ ఒక్క పుస్తకం వల్లే అని నేననను, రీసెర్చ్, కోర్టు కేసులు, ఉద్యమాలు అన్నీ ఉన్నాయి, కానీ జనం దాని గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది మాత్రం ఆ పుస్తకంతోనే.

రెండోది, ఇలాంటి కథలు భయపెట్టడం తప్ప ఏం చెయ్యవు అని. ఇందులో కొంత నిజం ఉంది, అంతా మునిగిపోయింది అందరూ పోయారు అని ముగిసే కథ చదివితే నాకూ కాళ్లూ చేతులూ ఆడవు. కానీ అన్నీ అలాంటివే కాదండీ. పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులు సముద్రానికి సగటున 2 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి, అక్కడి కవయిత్రి కేథీ జెట్నిల్-కిజినర్ 2014లో ఐక్యరాజ్యసమితి క్లైమేట్ సదస్సులో తన పసిబిడ్డతో మాట్లాడుతున్నట్టు రాసిన కవిత చదివింది, సముద్రం నిన్ను మింగేస్తుందంటున్నారు, మేం అలా జరగనివ్వం అని బిడ్డకి మాటిస్తుంది అందులో. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది భూమి వేడెక్కడాన్ని ఆపడానికి దేశాలన్నీ చేసుకున్న పారిస్ ఒప్పందంలో 1.5 డిగ్రీల మాట ఉండాల్సిందేనని పట్టుబట్టిన దేశాల్లో ఆ చిన్న దీవులు ముందున్నాయి. భయపడి చేతులెత్తేసిన వాళ్లు చేసే పనా అది?

మూడోది, ఆల్రెడీ నమ్మేవాళ్లే ఇవి చదువుతారట. చదవనివ్వండి! నమ్మడం వేరు, పట్టించుకోవడం వేరు. మనలో చాలామందిమి నమ్ముతాం, వార్త చూసి అయ్యో అనుకుంటాం, సాయంత్రానికి మర్చిపోతాం, నేనూ అంతే. ఆ మర్చిపోయేవాళ్ల కోసమే రాయాలి.