మాటలు చాలని అడవి, ముప్పై సంపుటాలు

ఉష్ణమండలపు అడవిలో తొలిసారి కాలుపెట్టిన ఐరోపా ప్రకృతి శాస్త్రజ్ఞుని ప్రథమ కర్తవ్యం, తనకు మాటలు చాలడం లేదని లిఖితపూర్వకంగా నమోదు చేయడం. 1832 ఫిబ్రవరి 29న బ్రెజిల్ అడవిలో ఒంటరిగా తిరిగిన డార్విన్, తన అనుభూతి ముందు ఆనందమన్న మాట వెలవెలబోతుందని తేల్చాడు. అంతకు 33 ఏళ్ల ముందు వెనెజువెలా తీరంలో దిగిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హంబోల్ట్, ఈ అద్భుతాలు త్వరగా ఆగకపోతే మతిపోవడం ఖాయమని సహచరుడు బాన్‌ప్లాండ్ మొత్తుకుంటున్నట్టు అన్నగారికి ఉత్తరం రాశాడు. పాపం, అద్భుతాలు ఆగలేదు. ఆ యాత్ర మీద వెలువడిన సంపుటాలు ముప్పై దాకా పోయాయి. మాటలు చాలి ఉంటే గ్రంథాలయాల గతి ఏమయ్యేదో.

పరవశించడం పూర్తయ్యాక చేయవలసిన పని, పరవశింపజేసిన ప్రాణిని చంపడం. ఇందులో ఇంగ్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్‌ను మించిన మార్గదర్శి లేడు. 1859లో నేటి ఇండోనేసియాలోని బచాన్ దీవిలో నిప్పురంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి చేజిక్కినప్పుడు గుండె దడదడలాడి, రక్తం తలకెక్కి, మూర్ఛపోయినంత పనై, ఆ రోజంతా తలనొప్పి వదలలేదని ఆయన రాసుకున్నాడు. సీతాకోకచిలుక ఆరోగ్యం గురించి అక్కడ ప్రస్తావన లేదు.

అంతకన్నా కరుణరసభరితమైనది బోర్నియోలోని ఒరాంగుటాన్ ఘట్టం. తల్లిని తుపాకితో కాల్చి పిల్లను ఇంటికి తెచ్చుకున్న వాలెస్, పాలు దొరకని ఆ చోట దానికి గంజినీళ్లు పట్టాడు, స్నానం చేయించాడు, చివరకు గేదెతోలు చుట్టి ఒక బొమ్మతల్లిని తయారుచేసి వేలాడదీశాడు. పిల్ల సంబరంగా దాన్ని కరుచుకుని, పాలకోసం వెతికి వెతికి, నోటినిండా వెంట్రుకలు చేరి ఉక్కిరిబిక్కిరి కావడంతో, ఆ రెండో తల్లిని కూడా లేకుండా చేయక తప్పలేదు. దాదాపు మూడు నెలలకు పిల్ల జ్వరంతో పోయింది. ఆయన ఎంతో విచారించి, దాని తోలునూ అస్థిపంజరాన్నీ భద్రపరిచాడు. ఆ విచారం బూటకమని నేననను. నిజమైనది కాబట్టే ఆ పుట చదవడం కష్టం.

ఇక కనుగొనడం సంగతి. 1818లో సుమత్రా అడవిలో ఒక మలయా సేవకుడు పరుగున వచ్చి, రండి దొరా రండి, చాలా పెద్ద పువ్వు, వింత పువ్వు అంటూ డాక్టర్ జోసెఫ్ ఆర్నాల్డ్‌ను వెంటబెట్టుకుపోయాడు. నేలబారున గజం వెడల్పుతో, కుళ్లిన మాంసపు కంపు కొడుతూ, ఈగలు ముసిరిన ఆ పువ్వును చూసి నివ్వెరపోయిన ఆర్నాల్డ్, సాక్షులే లేకుంటే దీని కొలతలు బయటపెట్టడానికి జంకేవాణ్ణని రాశాడు. సాక్షులంటే అక్కడి ఇంగ్లీషు పాలకుడు రాఫిల్స్ దొర, దొరసాని వగైరా పెద్దలు. అందరికన్నా ముందు చూసినవాడు సాక్షి కిందికి రాడు. పువ్వు పేరును దొరా డాక్టరూ చెరిసగం పంచుకోగా అది రాఫ్లీసియా ఆర్నాల్డి అయింది. పువ్వును తూకం వేసి మరీ బరువు రాసుకున్న శాస్త్రానికి, సేవకుని పేరు అడగడానికి మాత్రం వ్యవధి చాలలేదు.

మన విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రసెల్ కొంత ఉదారుడనే చెప్పాలి. 1796 నాటి తన గ్రంథంలో రక్తపింజరకు కాటుక రేకుల పొడ అన్న తెలుగు పేరును అచ్చువేయించాడు. మరుసటి ఏడాదే లండన్‌లో ఆ పాముకు రసెల్ పేరు పెట్టారు. తరతరాలుగా పొలంగట్ల మీద దాని కాటు తిన్న రైతులు దాన్ని కనుగొన్నట్టు లెక్కలోకి రాకపోవడం సబబే. కరిచిన వెంటనే లాటిన్‌లో నామకరణం చేసే తీరిక వారికి చిక్కి ఉండదు.