మాత్ర మానాలనిపిస్తే ఆ మాట డాక్టరుతో అనగలగాలి

“ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?” కొన్నాళ్లు మితిమీరిన హుషారు (ఉన్మాదం), కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు బైపోలార్ డిజార్డర్. అది ఉన్నవాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుడుతుంది. దాన్ని మొండితనమని కొట్టిపారేయడం అన్యాయం. చేతులు వణుకుతుంటే, ఒళ్లు పెరుగుతుంటే, మనసు మొద్దుబారినట్టుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చిక్కంతా ఆ ప్రశ్న డాక్టరు గది దాకా చేరకపోవడంలోనే ఉంది. రోగి చాటుగా మానేస్తాడు, డాక్టరు పాత మందులే మళ్లీ రాస్తారు.

ఈ జబ్బుకు ఇచ్చే లిథియం సంగతే చూడండి. ఉన్మాద దశలో అది పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. నేటికీ దానికి సాటి వచ్చే మందులు తక్కువే. కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా సన్నం. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. ఎండలో చెమటోడ్చినా, విరేచనాలైనా, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇబుప్రోఫెన్ కొని వేసుకున్నా అది పెరిగిపోవచ్చు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తపరీక్ష చేయించాలి. కిడ్నీల, థైరాయిడ్ పనితీరును ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. ఇంత జాగ్రత్త డాక్టరు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఇంట్లో ఏం జరిగిందో చెప్పేవాళ్లు కావాలి, వినే ఓపిక డాక్టరుకు ఉండాలి. రద్దీ ఓపీలో ఐదు నిమిషాలు దొరకడమే గగనం. అందుకే ఏ రోజు ఎన్ని గంటలు నిద్రపోయారో రాసుకున్న చిన్న నోటుపుస్తకం వెంట తీసుకెళ్లాలంటాను. నిద్ర తగ్గినా అలసట లేకపోవడం చాలామందిలో ఉన్మాదానికి తొలి గుర్తు.

జబ్బు ముదిరినప్పుడు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. మనసు నిలకడగా ఉన్న రోజుల్లో డాక్టరుతో కూర్చుని రాయదగ్గ కాగితం అది. ఆ మాట ముందుగా ఎత్తాల్సింది డాక్టరే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది పెళ్లిళ్ల దగ్గర జరిగేది. సంబంధం చెడిపోతుందని జబ్బు దాస్తారు. పెళ్లి హడావిడిలో రాత్రుళ్లు నిద్ర ఉండదు, ఎవరైనా చూస్తారని మాత్రలూ ఆగుతాయి. జబ్బు తిరగబెట్టడానికి ఇంకేం కావాలి? అమ్మాయి ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే గండం మరీ పెద్దది. గర్భంలోని శిశువు మెదడుకు, వెన్నుపాముకు అది హాని చేయవచ్చు. అందుకే గర్భం దాల్చకముందే ఆ విషయం డాక్టరుతో మాట్లాడి, మందు మార్చడంపై నిర్ణయం తీసుకోవాలి. అత్తవారింట్లో చాటుగా మాత్ర మింగే అమ్మాయి ఆ మాట అడగడానికి ఏ వంక చెప్పి ఆస్పత్రికి వెళ్తుంది?