ఏ వెబ్‌హుక్ ఏదో ఎలా తెలియాలి?
వెబ్‌హుక్‌లు (డబ్బు కట్టగానే మా సర్వర్‌కు కబురు పంపే ఏర్పాట్లు) చూసుకునే ఈ కమాండ్ టూల్‌తో విసిగిపోయాం. టెర్మినల్ మూసి తెరిస్తే చాలు, టనెల్ యూఆర్‌ఎల్ (ఆ కబురు మా కంప్యూటర్‌కు చేరే తాత్కాలిక అడ్రస్) మారిపోతుంది. పాత వెబ్‌హుక్ మాత్రం అక్కడే పడి ఉంటుంది! లిస్ట్ కమాండ్ కొడితే పదకొండు వరసలు, అన్నీ పొడుగాటి ఐడీలే. ఏది టెస్టింగ్‌ది, ఏది లైవ్‌ది? పేరు పెట్టుకోనిస్తే ఏం పోయింది?

డిలీట్ కొడితే నిజంగా తీసేయాలా అని ఒక్క మాట అడగదు. నిన్న రాత్రి లైవ్‌దే పోయింది. కస్టమర్ల డబ్బులు కట్ అయ్యాయి, ఆ కబురు మా సర్వర్‌కు రాక ఆర్డర్లు కదల్లేదు. కస్టమర్ల తిట్లు తిన్నది ఎవరు? మేమే.

పోనీ మళ్లీ రిజిస్టర్ చేద్దామంటే సీక్రెట్ (కబురు అసలైనదేనని సరిచూసే రహస్య కీ) కొత్తది ఇస్తుంది. సర్వర్‌లో ఉన్నది పాతది. ఆ కీతో వేసిన సంతకం సరిపోదు, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ మా సర్వర్ 401 ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. సర్వర్‌లోనూ సీక్రెట్ మార్చాలన్న మాట కమాండ్ చెప్పదా? రెండు గంటలు లాగ్‌లు తవ్వితే గానీ తెలియలేదు. తెల్లవారుజామున మూడింటికి ఇదేం టెన్షన్ బాబూ!